సువార్త సాక్ష్యం: తెలుగునాట, హైదరాబాదు పాతబస్తీలో

క్రైస్తవులు తమ విశ్వాసాన్ని ఇతరులకు తెలియజెప్పే పనిని తెలుగు సంఘాలలో సువార్త ప్రకటన అంటారు. ఒక మనిషి తన బతుకులో దేవుడు చేశాడని నమ్మే మేలును నలుగురికీ చెప్పుకోవడం సాక్ష్యం. మొదటిది బోధకులూ సేవకులూ చేసే పనిగా, రెండోది ప్రతి విశ్వాసీ చేయగలిగిన పనిగా సంఘాలు చూస్తాయి. అయితే రెంటి మధ్యా గట్టి గోడ లేదు. తెలుగునాట క్రైస్తవం వ్యాపించిన తీరును పరిశీలిస్తే, ప్రసంగ వేదికల మీద నుంచి విన్నవారికంటే చుట్టం, పొరుగువాడు, తోటి పనివాడు చెప్పగా విన్నవారే ఎక్కువగా సంఘంలోకి వచ్చారని తెలుస్తుంది. సాక్ష్యం ఎప్పుడు చెవికెక్కుతుంది, ఎప్పుడు ఎక్కదు అనే ప్రశ్నకు రెండు వందల ఏళ్ల తెలుగు అనుభవంలో చాలా సమాధానాలున్నాయి.

ఈ పనికి ఆధారం కొత్త నిబంధనలోనే ఉంది. యేసు తన శిష్యులను సమస్త జనుల దగ్గరకు పంపిన ఘట్టం మత్తయి సువార్త చివర ఉంది. సమరయ స్త్రీ నీళ్ల కుండ విడిచి ఊళ్లోకి పరుగెత్తి తనకు జరిగింది చెప్పిన కథ యోహాను నాలుగో అధ్యాయంలో ఉంది. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం ఇంకో షరతు పెడుతుంది: అడిగినవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి, అయితే ఆ జవాబులో సాత్వికం, మర్యాద ఉండాలి. సాక్ష్యపు నీతి గురించి తరువాత వచ్చిన పత్రాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ షరతును ఆశ్రయించినవే.

తొలి ప్రయత్నాలు

18వ శతాబ్దంలో జెసూట్ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో రాయలసీమ సరిహద్దులలో పనిచేశారు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ అనే కావ్యంలో క్రీస్తు కథను ప్రబంధ ఫక్కీలో చెప్పాడు. ప్రొటెస్టెంట్ల పని 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నం చేరడంతో మొదలైంది. బైబిలును తెలుగులోకి తేవడం వారి మొదటి తపన. ఈ పనిలో ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడయ్యాడు. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ గోదావరి డెల్టాకు, 1840లో శామ్యూల్ డే నెల్లూరుకు, 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నానికి, 1842లో జాన్ హేయర్ గుంటూరుకు వచ్చారు.

వీరందరికీ ఒకే సమస్య ఎదురైంది. బజారులో నిలబడి మాట్లాడితే జనం గుమిగూడేవారు, వాదించేవారు, కరపత్రాలు తీసుకునేవారు, ఇళ్లకు వెళ్లిపోయేవారు. నోబుల్ మరో దారి పట్టాడు. అగ్రకులాల పిల్లలకు ఇంగ్లిషు చదువు చెబితే వారి ద్వారా సమాజమంతా మారుతుందన్నది ఆయన ఆశ. 1843లో మచిలీపట్నంలో ఆయన పెట్టిన బడి తరువాత నోబుల్ కళాశాల అయింది. విద్యార్థులు మాత్రం చదువు తీసుకుని మతాన్ని పక్కన పెట్టారు. 1852లో ఇద్దరు బాప్తిస్మం తీసుకోగా తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు, కొన్నాళ్లు బడి బోసిపోయింది. చదువు రంగంలో నోబుల్ చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఒక యువకుణ్ణి అతని ఇంటి నుంచి, కులం నుంచి తెంపి బయటకు తెచ్చిన మార్పిడి అతనితోనే ఆగిపోయేది. అతని వెనక మరొకరు వచ్చే దారి మూసుకుపోయేది.

పేరయ్య, వెంకయ్య

దారి తెరుచుకున్నది మిషనరీలు ఎదురుచూడని చోట. ఒంగోలు ప్రాంతంలోని తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు వైపు తిరిగేవాడు. అంతకుముందే గురువుల దగ్గర యోగసాధన నేర్చి, తన వాళ్లకు తానే గురువుగా నిలిచిన మనిషి. ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన ఎఫ్.ఎన్. అలెగ్జాండర్ దగ్గర క్రీస్తు బోధ విని, తాను వెతుకుతున్నది దొరికిందని నమ్మాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో అడుగుపెట్టి ఎంతో కాలం కాలేదు.

క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి అక్కడి జనం సువార్తను కొత్తగా వినవలసిన స్థితిలో లేరు. పేరయ్య నెలల తరబడి బంధువుల ఇళ్ల అరుగుల మీద కూర్చుని చెబుతూ వచ్చాడు. శిష్యులకు గురువు చెప్పే మాటగా, బంధువులకు బంధువు చెప్పే మాటగా అది చేరింది. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ తొలి తరం కథలను పెద్దల నోట విని 1899లో పుస్తకంగా వెలువరించింది. వాటిని చదివితే, మాదిగపల్లెల్లో అప్పటికే సాగుతున్న అచల, యోగ సంప్రదాయాల చర్చలు ఈ బోధకు నేలను దున్ని ఉంచాయని అర్థమవుతుంది. వినేవారి మనసులో అప్పటికే ఉన్న ప్రశ్న ఏమిటో పేరయ్యకు తెలుసు, మిషనరీకి తెలియదు. తేడా అక్కడే ఉంది.

ఈ దశలో క్లౌ ఒక కష్టమైన నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను బడికి పంపబోమని ఒంగోలులోని బ్రాహ్మణ, వైశ్య కుటుంబాలు తేల్చిచెప్పాయి. క్లౌ దంపతులు ఎవరికి వారు విడిగా బైబిలు తెరిచి, ఇద్దరూ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం దగ్గర ఆగారని ఆయన ఆత్మకథ చెబుతుంది. లోకం లెక్కచేయనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. వారు మాదిగలను ఎంచుకున్నారు. కొత్త విశ్వాసులకు చెల్లించవలసిన మూల్యమూ ఉంది. చచ్చిన పశువుల మాంసం తినకూడదు, గ్రామదేవతల జాతరలో డప్పు కొట్టకూడదు, ఆదివారం పనికి పోకూడదు అని సంఘం నియమం పెట్టింది. అవి ఊరి ఆర్థిక వ్యవస్థ మీద దెబ్బతీసే నియమాలు కాబట్టి కరణాలు, భూస్వాములు వేధించారు. అయినా నిలబడినవారి సాక్ష్యానికి ఊళ్లో బరువు వచ్చింది.

కృష్ణా ప్రాంతంలో ఇలాంటి పాత్రే పాగోలు వెంకయ్యది. రాఘవాపురానికి చెందిన ఈ మాల పెద్ద సత్యదేవుడి కోసం సొంతంగా వెతుక్కుంటూ మిషనరీ డార్లింగ్‌ను కలుసుకుని 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. చుట్టుపక్కల పల్లెల్లో మాలలు ఆయన వెంట సంఘంలోకి వచ్చారు. రెండు కథల్లోనూ మిషనరీ రెండో మనిషి. మొదటి మనిషి ఊరివాడే.

కరవు, ప్రలోభం అనే ప్రశ్న

1876–78 నాటి మహా కరవు సువార్త పనికి నీతి పరీక్ష అయింది. ఆకలితో ఉన్నవారికి తిండి పెడుతూ మతం చెబితే వచ్చేవారు మతం కోసం వచ్చారా, మెతుకు కోసం వచ్చారా? క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆయన బోధకులే మేస్త్రీలు. రోజంతా పని, పొద్దుగూకాక మాటలు, పాటలు. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా, సహాయం సాగినంత కాలం ఆయన ఇవ్వలేదు. సహాయం ఆగిపోయి, ఇక మిషన్ నుంచి దమ్మిడీ రాదని అందరికీ తెలిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్య ప్రపంచమంతా మారుమోగింది గానీ, దాని వెనక ఉన్న నిరీక్షణ గురించి అంతగా ఎవరూ మాట్లాడలేదు. నిజానికి నేర్చుకోవలసింది దాని నుంచే. సహాయాన్నీ బాప్తిస్మాన్నీ కాలంలో విడదీయడం ద్వారా క్లౌ కొత్త విశ్వాసుల గౌరవాన్ని కాపాడాడు. తరువాతి కాలంలో హైదరాబాదు సంస్థానంలో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌లో కరవు కూలీలకు పని కల్పిస్తూ కట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. ఉచితంగా పంచడం కంటే పని ఇచ్చి కూలి చెల్లించడం మేలన్న ఆలోచన ఇక్కడా ఉంది.

దోర్నకల్

1909లో తిరునల్వేలి నుంచి దోర్నకల్‌కు వచ్చిన తమిళుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు త్యాగాలు ఎన్ని చేసినా భారతీయులకు కావలసింది వారి స్నేహమని నిర్మొహమాటంగా చెప్పి సభను కుదిపాడు.

దోర్నకల్‌లో ఆయన పద్ధతి సాదా. చదువురాని కూలీ కూడా సాక్షే. బాప్తిస్మం పొందేవారు తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించడం తమ మీద పడిన బాధ్యత అని పలకాలి. ఏటా ఒక వారాన్ని సాక్ష్య వారంగా ప్రకటించేవారు. ఆ వారం సంఘస్థులు జట్లు జట్లుగా పక్క ఊళ్లకు పోయి పాటలు పాడి, తమ మాటల్లో తమ అనుభవం చెప్పి వచ్చేవారు. కోతల పండుగ, క్రైస్తవ జాతర, నాటకాలు ఊరి జీవితపు లయలోనే సాగేవి. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ దేవాలయంలో హిందూ, ముస్లిం కట్టడాల పోకడలు కావాలనే కలిపారు. అజరయ్య 1945 జనవరి 1న మరణించే నాటికి ఆయన బిషప్ పరిధి అయిన దోర్నకల్ మేత్రాసనంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఈ పనికి గాంధీజీ నుంచి గట్టి విమర్శ వచ్చింది. దళితుల వెనుకబాటును ఆసరా చేసుకుని మతం మార్పిస్తున్నారని ఆయన అభ్యంతరం చెప్పాడు. తమకేది మంచిదో ఎంచుకునే తెలివి దళితులకు ఉందని అజరయ్య వాదం. ఆ చర్చ ఇప్పటికీ తెగలేదు. అజరయ్య వైపు ఉన్న బలమైన సాక్ష్యం ఒకటుంది. తాగుడు, అప్పులు, మురికి వదిలించుకున్న దళిత క్రైస్తవులను చూసి, ఆ ఊళ్లలోని శూద్ర కులాలవారు కొందరు ఆకర్షితులై సంఘంలోకి వచ్చారు. ఏ పైకులాల కోసం నోబుల్ బడి పెట్టాడో, వాటికి దగ్గరి కులాలు తాము అంటరానివారన్నవాళ్లను చూసి కదిలాయి.

పరిశోధకులు తేల్చింది

మెథడిస్టు మిషనరీ జె. వాస్కం పికెట్ భారతదేశంలోని సామూహిక మతాంతరీకరణలను పరిశీలించి 1933లో పుస్తకం వేశాడు. తెలుగు ప్రాంతాలు ఆయన పరిశీలనలో ముఖ్యమైనవి. ఎందుకు క్రైస్తవులయ్యారని అడిగినప్పుడు, మూడో వంతుకు పైగా ఆధ్యాత్మిక కారణాలు చెప్పారు. సుమారు అంతే మంది క్రైస్తవ కుటుంబంలో పుట్టినవారు. ఐదో వంతు కంటే కొంత ఎక్కువ మంది బంధువులు, కులంవారు మారారు కాబట్టి మారామన్నారు. లౌకిక లాభం కోసం అన్నవారు పదో వంతుకు లోపే. పికెట్ ఇచ్చిన ముఖ్యమైన ముగింపు వేరు: తొలి కారణం ఏదైనా, బాప్తిస్మం తరువాత ఎంత శ్రద్ధగా నేర్పారన్నదాన్ని బట్టే విశ్వాసం నాణ్యత నిలుస్తుంది.

భారతదేశంలోనే పుట్టిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ పికెట్ పరిశీలనలతో ప్రభావితుడై 1955లో బంధుత్వాల వంతెనల మీదుగానే విశ్వాసం నడుస్తుందన్న వాదాన్ని పుస్తకంగా రాశాడు. అది అమెరికా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లో సువార్త శిక్షణను మార్చివేసింది. దాని వెనక పేరయ్య వంటి గ్రామీణుల అనుభవం ఉందన్న సంగతి తెలుగు సంఘాలకే సరిగా తెలియదు. అయితే ఈ సిద్ధాంతానికి ఒక చీకటి కోణం ఉంది. బంధుత్వ వంతెన అంటే ఆచరణలో కుల వంతెనే. మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా పెరిగి, ఒకే గుడిలో వేరువేరు వరుసలు ఏర్పడిన ఊళ్లున్నాయి. వేగంగా పెరగడానికి ఉపయోగపడినదే సమానత్వపు సాక్ష్యాన్ని దెబ్బతీసింది.

పాట, కథ, తెర

తెలుగు క్రైస్తవం ప్రసంగాల కంటే పాటలతోనే జనంలోకి వెళ్లింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు దేశి రాగాలలో, భజన ఫణితిలో ఉండి, చదువు రానివారికి వేదపాఠాలయ్యాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటం ఇప్పటికీ శాఖాభేదం లేకుండా సంఘాలలో వినిపిస్తుంది. బుర్రకథ, హరికథ, కోలాటం కూడా క్రీస్తు కథను మోశాయి. గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించడంతో క్రైస్తవేతర సాహిత్యాభిమానులకూ ఆ కథ ప్రధాన స్రవంతి కవిత్వంగా చేరింది. 1978లో విజయచందర్ క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ సినిమా పల్లెపల్లెల్లో ప్రొజెక్టర్ మీద ఆడింది. ఇతర భాషల్లోకి మారి దేశమంతా సువార్త సభలకు సాధనమైంది. వినేవారి చెవికి అలవాటైన రాగంలో, కంటికి అలవాటైన రూపంలో వచ్చిన కథ పరాయిదిగా అనిపించదు.

మిషన్లకు వెలుపల

విదేశీ మిషన్ల పరిధికి బయట పుట్టిన ఉద్యమాలు సాక్ష్యానికి కొత్త రూపాలిచ్చాయి. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషన్ స్థాపించాడు. ప్రార్థన, దర్శనం, స్వస్థత ఆ సంఘానికి కేంద్రం. మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావుకు 1942లో క్రీస్తు దర్శనం కలిగిందని ఆయన అనుచరులు చెబుతారు. ఆయన రోగుల కోసం ప్రార్థించాడు, పాటలు రాశాడు, బాప్తిస్మాన్నీ సంఘ వ్యవస్థనూ మాత్రం తోసిపుచ్చాడు. క్రీస్తును నమ్ముతూ సంఘంలో చేరనివారు తెలుగునాట ఎందరున్నారో లెక్కకు అందదు. క్రైస్తవులుగా నమోదైనవారు మాత్రం 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.34 శాతమే.

హైదరాబాదుకు సంబంధించి బక్త్ సింగ్ (1903–2000) పేరు ప్రత్యేకమైనది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో చదువుకునే కాలంలో క్రైస్తవుడై, 1941లో మద్రాసులో తొలి సహవాసాన్ని ప్రారంభించాడు. 1950 నుంచి హైదరాబాదులోని హెబ్రోను ఆయన కేంద్రం. ఏటా జరిగే పరిశుద్ధ సభలకు వేలమంది వచ్చి, నేలమీద కలిసి కూర్చుని భోజనం చేసేవారు. వాక్యాల బ్యానర్లు పట్టుకుని పాడుకుంటూ వీధుల్లో ఊరేగింపుగా నడవడం, ‘సీయోను గీతములు’ పాడటం ఆ సహవాసాల గుర్తులయ్యాయి. ఏ కులంవారైనా ఒకే బంతిలో తినడమే వేదిక మీది ప్రసంగం కంటే ఎక్కువ మాట్లాడింది.

సంతోష్‌నగర్, పాతబస్తీ

హైదరాబాదు ఆగ్నేయ దిక్కున, సైదాబాద్, చంపాపేట, కంచన్‌బాగ్‌ల మధ్య ఉన్న సంతోష్‌నగర్‌లో పైన చెప్పిన పల్లె అనుభవం నేరుగా పనికిరాదు. ఇక్కడ ఒకే వీధిలో ఉర్దూ, తెలుగు రెండూ వినిపిస్తాయి. ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్నారు, పక్కనే హిందూ కుటుంబాలున్నాయి. కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్, మిధాని వంటి రక్షణ రంగ సంస్థల వల్ల అనేక ప్రాంతాల ఉద్యోగులు ఈ చుట్టుపక్కల స్థిరపడ్డారు. ఇలాంటి చోట తెలుగు క్రైస్తవులకు కులబంధుత్వపు వంతెన ఉండదు. ఉండేది పొరుగు వంతెనే: మెట్ల దగ్గర పలకరింపు, పిల్లల బడి, ఆసుపత్రిలో పక్క మంచం, కిరాణా కొట్టు.

ముస్లిం పొరుగువారితో మాటకు ప్రత్యేకమైన ఎరుక కావాలి. వారికి ఈసా గౌరవనీయుడైన ప్రవక్త, మరియం పవిత్రురాలు. కాబట్టి యేసు ఎవరో మొదటి నుంచి పరిచయం చేయవలసిన పని లేదు. దేవుని కుమారుడనే మాట దగ్గర, సిలువ మరణం దగ్గర, బైబిలు మార్పులకు లోనైందనే నమ్మకం దగ్గర చిక్కు వస్తుంది. ఆ చిక్కులు తెలియకుండా మాట మొదలుపెట్టినవారు రెండో మాటకే వాదంలో పడతారు. ప్రవక్త మహమ్మద్‌ను తక్కువ చేసి మాట్లాడితే ఆ సంభాషణే కాదు, ఆ వీధిలో ఆ కుటుంబానికి ఉన్న మంచిపేరూ పోతుంది. స్త్రీలతో స్త్రీలే మాట్లాడటం పాత మిషన్ల కాలంలో పరదా స్త్రీల ఇళ్లకు మహిళలే వెళ్లి చేసిన జెనానా పని నుంచి వస్తున్న మర్యాద. రంజాన్‌కు వారి ఇంటికి వెళ్లడం, క్రిస్మస్‌కు వారిని పిలవడం, జబ్బు చేసినప్పుడు అడిగి, ఒప్పుకుంటేనే ప్రార్థించడం ఇక్కడ ఎక్కువ దూరం పోతాయి.

ఈ విషయంలో హైదరాబాదులోనే ఒక పెద్ద అనుభవం నిలిచి ఉంది. 1930లో లాహోరులో స్థాపించిన హెన్రీ మార్టిన్ సంస్థ క్రైస్తవ సేవకులకు ఇస్లాం గురించి నేర్పడానికి పుట్టింది. ఉర్దూలోకి, పారసీలోకి కొత్త నిబంధనను అనువదించి 1812లో మరణించిన హెన్రీ మార్టిన్ పేరు దానికి పెట్టారు. ఆ సంస్థ 1971లో హైదరాబాదుకు తరలింది, ఇప్పుడు శివరాంపల్లిలో ఉంది. 1990 డిసెంబరు అల్లర్ల తరువాత పాతబస్తీలో సహాయానికి దిగి, సుల్తాన్‌షాహీ ప్రాంతంలో హిందువులు, ముస్లింలు కలిసి పాల్గొనే అమన్ శాంతి పనిని చేపట్టింది. మతాల మధ్య సయోధ్య, పరిశోధన క్రమంగా దాని ప్రధాన లక్ష్యాలయ్యాయి. ఇది సువార్త నుంచి తప్పుకోవడమని కొందరు క్రైస్తవులు బాధపడ్డారు, సువార్తను ఆచరణలో పెట్టడమని మరికొందరు భావించారు. కర్ఫ్యూ వీధుల్లో కలిసి తిరిగినవారి మాటకు పొరుగువారిలో విలువ పెరుగుతుందన్నది మాత్రం కాదనలేని సంగతి.

మాట నేర్పు

20వ శతాబ్దపు రెండో సగంలో సాక్ష్య శిక్షణకు అమెరికా నుంచి అచ్చు నమూనాలు వచ్చాయి. బిల్ బ్రైట్ రూపొందించిన నాలుగు ఆత్మీయ నియమాల చిన్న పుస్తకం, జేమ్స్ కెన్నెడీ 1960లలో ఫ్లోరిడాలో ప్రారంభించిన ప్రశ్నల పద్ధతి వాటిలో ముఖ్యమైనవి. భయపడే విశ్వాసికి ఏదో ఒక మొదలు దొరుకుతుందన్నది వాటి మేలు. వినేవాడి పరిస్థితి ఏదైనా మాట ఒకటే కావడం వాటి లోపం. చనిపోతే ఎక్కడికి వెళతావన్న ప్రశ్న ఫ్లోరిడాలో తలుపు తెరిస్తే తెరవవచ్చు. సంతోష్‌నగర్‌లో అద్దె కట్టలేక సతమతమయ్యే ఇంట్లో అది అసందర్భం.

అనుభవం గల సేవకులు నేర్పేది కొంత వేరు. మొదట వినాలి. ఎదుటివారి ఇంటి పరిస్థితి, భయం, నమ్మకం తెలిశాక గానీ చెప్పవలసింది తెలియదు. సాక్ష్యం చిన్నదిగా ఉండాలి. అగ్రిప్ప రాజు ముందు పౌలు చేసినట్టు మునుపటి బతుకు, క్రీస్తు ఎదురైన సంఘటన, తరువాత వచ్చిన మార్పు అనే వరుసలో అయిదు నిమిషాల్లో చెప్పగలిగితే చాలు. మునుపటి పాపాలను రంగులద్ది చెప్పడం, స్వస్థతను ఉన్నదానికంటే పెంచి చెప్పడం తాత్కాలికంగా ఆకట్టుకున్నా, ఇరుగుపొరుగుకు నిజం తెలిసిన రోజున మొత్తం కూలిపోతుంది. ప్రార్థన పేరుతో మందులు మానిపించడం ప్రాణాలకే ముప్పు. ఇందులో మినహాయింపు లేదు.

భాష మరో అడ్డు. తెలుగు బైబిలు గ్రాంథిక శైలిలో ఉంది. దాన్నే చిన్నప్పటి నుంచి విన్నవారు మారుమనస్సు, నీతిమంతుడిగా తీర్చబడటం, రక్తము చేత కడగబడటం వంటి మాటలను అనుకోకుండానే వాడతారు. బయటివారికి అవి అర్థం కావు, కొన్ని భయపెడతాయి కూడా. వాడుక తెలుగులో, పాతబస్తీలో అవసరమైతే దక్కనీలో, మామూలు మాటల్లో చెప్పడం సాధన చేయవలసిన విద్య. తెలియని ప్రశ్నకు తెలియదని ఒప్పుకుని, కనుక్కుని వచ్చి చెప్పడం వల్ల నమ్మకం పెరుగుతుంది.

చట్టం, మర్యాద

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం దానికి హద్దులు. 1977లో రెవరెండ్ స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారమంటే తన మత సిద్ధాంతాలను వివరించి వ్యాప్తి చేయడమేననీ, మరొకరిని మార్చే హక్కు అందులో లేదనీ తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టం తిరుమల వంటి ప్రకటిత పుణ్యక్షేత్రాలలో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధించింది. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఇరుకు కాలనీల్లోని ఇంటి ప్రార్థనలపై వచ్చే ఫిర్యాదుల్లో ఇది ముఖ్యం.

1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వల్ల బాప్తిస్మం తీసుకున్న దళితులు ఎస్సీ హోదా కోల్పోతారు. విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకోవడానికి లక్షలమంది వెనకాడటం వెనక ఇదొక బలమైన కారణం. వారిని పిరికివారనడం న్యాయం కాదు.

2011లో వాటికన్, ప్రపంచ సంఘాల మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి కలిసి బహుమత సమాజంలో క్రైస్తవ సాక్ష్యం గురించి మార్గదర్శకాలు వెలువరించాయి. బలవంతం, మోసం, ప్రలోభం, ఇతర మతాల మీద అబద్ధపు నింద సువార్తకే ద్రోహమని అవి చెబుతాయి. పిల్లలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సెలవుల బైబిలు బడికి తీసుకుపోవడం, ఫీజు కడతామని, ఉద్యోగం ఇప్పిస్తామని ఆశ చూపడం ఆ లెక్కలోకే వస్తాయి.

బాప్తిస్మం తరువాత

సంఘాలు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది ఈ భాగాన్నే. పి.వై. లూక్, జాన్ కార్మన్ 1959లో మెదక్ మేత్రాసనంలోని వాడియారం పరిధి పల్లెలను పరిశీలించి 1968లో పుస్తకం ప్రచురించారు. అక్కడి క్రైస్తవులు యేసును నమ్ముతూనే ఊరి దేవతల పండుగలలో, పెళ్లి ఆచారాలలో పాలుపంచుకుంటున్నారు. బైబిలు వారికి ప్రధానంగా పాటల ద్వారానే తెలుసు. చదువు చెప్పే ఉపదేశి ఉన్నచోట విశ్వాసం నిలిచింది, లేనిచోట పలచబడింది.

సుమారు యాభై ఏళ్ల తరువాత కార్మన్, చిల్కూరి వసంతరావుతో కలిసి అవే పల్లెలకు తిరిగి వెళ్లాడు. 2014లో వెలువడిన వారి పుస్తకం రెండు ధోరణులను నమోదు చేసింది. పాత మిషన్ సంఘాలు అనేక ఊళ్లలో కుంచించుకుపోయాయి. వాటి పక్కనే స్వతంత్ర పాస్టర్ల సహవాసాలు పుట్టాయి. స్వస్థత కోసం, ప్రార్థన కోసం ఇతర కులాలవారు, ముఖ్యంగా స్త్రీలు, వాటికి వస్తున్నారు. వారిలో చాలామంది బాప్తిస్మం తీసుకోలేదు. వారి ఇళ్లకు వారం వారం ఎవరో ఒకరు వెళుతున్నారు, పేరు పెట్టి పిలుస్తున్నారు, కలిసి ప్రార్థిస్తున్నారు. ఊరి పాత సంఘంలో ఉపదేశి పోస్టు ఖాళీ అయ్యాక ఆ పని చేసేవారు లేకుండా పోయిన చోటనే కొత్త సహవాసాలకు జనం వెళ్లారు.